కొరిన్ చిటికెన వేలు

ఆర్లిస్ ట్వైట్‌కి కొరిన్ డాల్‌బర్గ్ వేళ్ళు పంతొమ్మిదేళ్ళుగా తెలుసు. మనిషిని మాత్రం ఒక్కసారి కూడా ఎదురుగా చూడలేదు. ముఖం అంటారా, ఏడాదికొకసారి క్రిస్మస్ కార్డు మీద భర్తకీ కూతురికీ కుక్కకీ మధ్య ఇరుక్కుని గోరంత కనిపించేది. ఇద్దరి మధ్యా రెండు వందల మైళ్ళ రోడ్డు, దాని మీద ఏడాదిలో సగం రోజులు మంచు. వెళ్ళాలనుకుంటే వెళ్ళలేని దూరమేమీ కాదు. ఇద్దరిలో ఎవరూ అనుకోలేదు, అంతే.

కొరిన్ సరస్సు ఒడ్డున ఉన్న పట్నంలో జిల్లా కోర్టు రిపోర్టరు. జడ్జి, వకీళ్ళు, సాక్షులు ఎవరేమన్నా పొల్లుపోకుండా రాయడం ఆమె ఉద్యోగం. కలంతో కాదు, ఇరవై రెండు మీటలున్న చిన్న యంత్రంతో. అన్ని వేళ్ళూ ఒక్కసారి పడితే ఒక మాట పడుతుంది. యంత్రంలోంచి మడతలు మడతలుగా సన్నటి కాగితం బయటికొస్తుంది. దాని మీద ఉండేవి మామూలు కంటికి అర్థంకాని అక్షరాల గుంపులు. పక్కన కంప్యూటరు ఆ గుంపుల్ని కొరిన్ సొంత డిక్షనరీతో పోల్చి, మామూలు ఇంగ్లీషు చేసి తెర మీద చూపిస్తుంది. ఆ ఫైలూ, రికార్డు చేసిన మాటలూ ఆర్లిస్‌కి వస్తాయి. ఆర్లిస్ చెవులకి హెడ్‌ఫోన్లు తగిలించుకుని, విని, దిద్ది, తిరిగి పంపిస్తుంది. అప్పుడు కొరిన్ అడుగున సంతకం పెడుతుంది, ఇది చెప్పింది చెప్పినట్టు రాసినదేనని.

ఆర్లిస్ కూడా ఒకప్పుడు రిపోర్టరు కావాలనే బడిలో చేరింది. నిమిషానికి రెండు వందల ఇరవై అయిదు మాటలు రాస్తే పాసు. అయిదుసార్లు పరీక్షకి కూర్చుంది, అయిదుసార్లూ రెండు వందల ఎనిమిది దగ్గర ఆగిపోయింది. చెవికి అందింది చేతికి అందలేదు. చివరికి ఇంకొకరి చేతి రాత దిద్దే పనికి కుదురుకుంది. అందులో మాత్రం ఆమెను మించినవాళ్ళు ఆ రాష్ట్రంలో లేరని కొరిన్ అందరితోనూ అనేది. ఆర్లిస్‌తో మాత్రం ఎప్పుడూ అనలేదు.

ఈ పనిలో అసలు చిక్కంతా ఇంగ్లీషు తెచ్చిపెట్టిందే. యంత్రం రాసేది శబ్దాన్ని. ఇంగ్లీషులో ఒకే శబ్దం రెండు మూడు మాటలకి అద్దెకుంటుంది. సన్ అంటే కొడుకూ కావచ్చు, సూర్యుడూ కావచ్చు. వీక్ అంటే వారం, వీక్ అంటే బలహీనం. సెల్ అంటే అమ్మడం, సెల్ అంటే జైలు గది. దేర్ అని నోరు తెరిస్తే మూడు మాటలు వచ్చి కూర్చుంటాయి. రాతలో దేని అక్షరాలు దానివి. అందుకని ప్రతి రిపోర్టరూ బడిలోనే తన సొంత ఏర్పాటు చేసుకుంటుంది, ఈ మాటకి ఒక మీట అదనం, ఆ మాటకి ఒక అచ్చు తక్కువ అని. ఒకరి ఏర్పాటు ఇంకొకరికి పనికిరాదు. కొరిన్ కొడుకుకి కుడి చిటికెన వేలితో ఇంకొక మీట కలిపి నొక్కేది. సూర్యుడికి నొక్కేది కాదు. ఎందుకలాగ అని ఆర్లిస్ మొదటి రోజుల్లో అడిగితే ఫోన్లో పకపకా నవ్వింది.

"సూర్యుడు తన పని తను చూసుకుంటాడే. కొడుకులకే ఎప్పుడూ ఒక వేలు ఎక్కువ కావాలి."

ఇలాంటి జంటలు కొరిన్‌కి నాలుగు వందల పైచిలుకు ఉండేవి. అన్నిటికీ ఆ చిటికెన వేలే కాపలా. ఆర్లిస్‌కి అవన్నీ కంఠతా వచ్చు. కొరిన్ కూతురి పుట్టినరోజు తెలియకపోయినా, కొరిన్ బలహీనాన్నీ వారాన్నీ ఎలా విడదీస్తుందో నిద్రలో లేపి అడిగినా చెప్పేది.

ఆర్లిస్‌కి అరవై ఒకటి. మొగుడు మెర్లిన్ పడవల వ్యాపారం అంటూ దక్షిణానికి వెళ్ళి, అక్కడే పడవతో పాటు ఇంకొక సంసారం కూడా కొనుక్కున్నాడు. పిల్లల్లేరు. పగలంతా చెవుల్లో జనం: తిట్టుకునే మొగుడూ పెళ్ళాలు, గట్టు తగాదాల రైతులు, ఏడ్చే సాక్షులు, దగ్గే జడ్జి హాల్వర్సన్. వాళ్ళందరి గుట్టూ ఆర్లిస్‌కి తెలుసు. ఆమె ఒకతి ఉందని వాళ్ళలో ఒక్కరికీ తెలియదు. సాయంత్రం హెడ్‌ఫోన్లు తీసేస్తే ఇంట్లో ఫ్రిజ్ చప్పుడు తప్ప ఇంకేమీ ఉండదు. కొట్టులో "సంచీ కావాలా?" అని అడిగే అమ్మాయి మాటను ఇంటిదాకా మోసుకొచ్చుకున్న రోజులున్నాయి.

ఆమెను పేరు పెట్టి పిలిచే గొంతు వారానికి ఒకటే వచ్చేది. శుక్రవారం నాలుగింటికి, కోర్టు ముగిశాక, కొరిన్ ఫోన్ చేసేది. మొదట పని మాటలు, తర్వాత జడ్జిగారి టై, వకీలు విగ్గు, కొరిన్ మొగుడి గురక. అర్ధగంట, ఒక్కోసారి ముప్పావుగంట. ఆర్లిస్ మూడింటికే కాఫీ పెట్టుకుని కూర్చునేది. ఇంత బతుకూ ఆ అర్ధగంట మీద ఆనుకుని నిలబడిందని ఎవరితోనైనా చెబితే నవ్విపోతారని ఆమెకి తెలుసు. అందుకే ఎవరితోనూ చెప్పలేదు. అసలు చెప్పడానికెవరున్నారు?

ఒక అక్టోబరులో, తొమ్మిదో తారీఖున, ఒక తల్లి సాక్ష్యం దిద్దుతోంది ఆర్లిస్. "మా సూర్యుడు ఆ రాత్రంతా ఇంటికి రాలేదు" అని ఉంది తెర మీద. ఆర్లిస్‌కి నవ్వొచ్చింది. ఏ సూర్యుడు మాత్రం రాత్రి ఇంటికొస్తాడు? కొడుకు అని దిద్ది ముందుకెళ్ళింది. రెండు పేజీల తర్వాత మళ్ళీ సూర్యుడు. ఆ తర్వాత సాక్షి బలహీనంగా ఉందన్నచోట వారంగా ఉందని పడింది. ఆర్లిస్ నవ్వు ఆగిపోయింది. అసలు రాత తీసి చూసింది. చిటికెన వేలు పడాల్సిన చోటల్లా ఖాళీ.

ఒక రోజు అలసట అనుకుంది. మర్నాటి ఫైల్లో పదకొండు చోట్ల ఖాళీ. నెల తిరిగేసరికి ఉంగరపు వేలు కూడా ఆలస్యంగా పడటం మొదలైంది. ఒక్కసారే పడాల్సిన వేళ్ళు రెండు దఫాలుగా పడుతున్నాయి. ఎడమ చెయ్యి మాత్రం ఎప్పటిలాగే శుభ్రంగా ఉంది. ఆర్లిస్ డాక్టరు కాదు. అయినా ఒక చేతిని పంతొమ్మిదేళ్ళు రోజూ చూసిన మనిషికి ఆ చెయ్యి మారిందని తెలియడానికి డాక్టరు కానక్కర్లేదు.

ఈ పనికి ఒక కట్టుబాటుంది. దిద్దేవాళ్ళు సొంతంగా ఏది మార్చినా పక్కన గుర్తు పెట్టాలి. రిపోర్టరు ఆ గుర్తులు చూసుకుని, సరేననుకున్నాకే సంతకం పెట్టాలి. మామూలుగా వంద పేజీలకి ఆరో ఏడో గుర్తులుండేవి. ఇప్పుడు పేజీకి ఆరేడు పెట్టాల్సొస్తోంది. అన్ని గుర్తులు చూస్తే కొరిన్‌కి తన చేతి సంగతి తెలిసిపోతుంది. తెలిస్తే కోర్టు మానేస్తుంది. కోర్టు మానేస్తే ఫైళ్ళుండవు. ఫైళ్ళు లేకపోతే శుక్రవారం నాలుగింటికి ఫోనెందుకు మోగుతుంది?

ఆర్లిస్ గుర్తులు పెట్టడం మానేసింది.

ఆ ప్రాంతపు మర్యాదే కాస్త అలాంటిది. పక్కింటివాడు ముసలివాడైపోయాడని ముఖం మీద అనరు. వాడు లేవకముందే వాడి వాకిట్లో మంచు ఎత్తిపోసి, చూడకముందే వచ్చేస్తారు. ఆర్లిస్ వాకిట్లో ఓర్విల్ అనే ఆయన మూడు శీతాకాలాలుగా అదే చేస్తున్నాడు. ఈమె థాంక్స్ చెప్పలేదు, ఆయన చెప్పించుకోలేదు. ఇదీ అలాంటిదేనని ఆర్లిస్ తనకి తాను నచ్చజెప్పుకుంది. కొరిన్ వాకిట్లో మంచు ఎత్తిపోస్తున్నానంతే అనుకుంది.

అక్కడితో ఆగితే బాగుండేది. కానీ కొరిన్ కోర్టులో తెర చూస్తూ రాస్తుంది. తప్పులు అక్కడే కనబడిపోతాయి కదా? డిక్షనరీని సరిచేసి పంపే పని కూడా ఆర్లిస్‌దే. ప్రతి ఆదివారం కూర్చుని, కొరిన్ వేళ్ళు ఆ వారం ఏయే మాటని ఎలా తడబడి రాశాయో ఏరి, ఆ తడబాటునే డిక్షనరీలో కొత్త మాటగా చేర్చేది. ఇక మీదట చెయ్యి అలా తప్పినా తెర మీద సరైన మాటే పడుతుంది. కోర్టుల్లో సూర్యుడి కన్నా కొడుకుల ప్రస్తావనే ఎక్కువ కాబట్టి, చిటికెన వేలు పడకపోయినా కొడుకే వచ్చేలా మార్చేసింది. ఎప్పుడైనా ఎవరైనా ఎండ గురించి చెబితే తెర మీద కొడుకు ప్రత్యక్షమయ్యేవాడు. కొరిన్ అది చూసి, తన వేలే చురుకెక్కి ఎక్కువగా తగిలిందనుకునేది.

అలా ఆర్లిస్ ఆ చేతి చుట్టూ ఒక అబద్ధం కట్టింది. ఒక్కొక్క ఆదివారం ఒక్కొక్క ఇటుక.

జూన్‌లో ఒక శుక్రవారం కొరిన్ ఫోన్ చేసింది.

"ఏమే, బతికున్నావా, దోమలెత్తుకుపోయాయా?"

"ఉన్నాలే, నీ పేజీలు మోసుకుంటూ."

"మొయ్యి, నడుముకి మంచిది. సరేగానీ ఒకటి చెప్తా, నవ్వకూడదు. మొన్న డాక్టరు దగ్గరికెళ్ళా."

ఆర్లిస్ చేతిలో కాఫీ కప్పు బల్ల మీద పెట్టేసింది. "ఏమైంది?"

"ఏం కాలేదే. కుడి చెయ్యి మొద్దుబారినట్టుంటోందని నోరు జారా, అంతే, మా ఆయన ఒకటే పోరు. నేను సూపు తాగుతుంటే సగం బల్లే తాగుతోందట. తీరా వెళితే డాక్టరు చూడబోతే పసివాడు, గడ్డం కూడా సరిగ్గా మొలవలేదు. నా వేళ్ళు అటు లాగి ఇటు లాగి, నరాల డాక్టరు దగ్గరికి పంపిస్తానన్నాడు. ఆగు నాయనా అని మొన్నటి కేసు పేజీలు తీసి వాడి ముందు పడేశాను. రెండు వందల పేజీలు, ఈ చేత్తో రాసినవే, ఒక్క తప్పు చూపించు అన్నాను. నా చేతికేదైనా వస్తే ముందు నా రాతకి తెలుస్తుంది, ఆ తర్వాతే నీకు అన్నాను. పాపం, తిరగేసి తిరగేసి నోరు మూసుకున్నాడు. కీళ్ళ అరుగుదలని ఏదో మాత్ర రాసిచ్చాడు."

చెప్పాల్సిన మాట ఆర్లిస్ నోటి చివరిదాకా వచ్చింది.

"ఆర్లిస్? లైన్లో ఉన్నావా?"

"ఉన్నా."

"మరి మాట్లాడవేంటే?"

"కీళ్ళే అయ్యుంటాయిలే" అంది ఆర్లిస్.

అంతకుముందు చేసినవన్నీ పిరికితనం అనుకుని వదిలెయ్యవచ్చు. ఈ ఒక్క మాట మాత్రం వదిలెయ్యలేం. ఆర్లిస్ కూడా వదలలేదు. ఆ రోజు నుంచీ కాఫీ చేదుగా ఉంటోందని డబ్బా మార్చింది, మళ్ళీ మార్చింది. కొరిన్ మాత్రం హుషారుగా ఉంది. ఇంకా అయిదేళ్ళు ఉద్యోగం చేస్తానంది. కూతురు బ్రిట్టా పెళ్ళికి అమ్మమ్మల నాటి నార్వే కుట్టుతో బల్ల గుడ్డ కుట్టాలని ఎప్పటినుంచో ఆశ. దారాలు ఒక్కొక్కటీ లెక్కపెట్టి కత్తిరించే పని అది. రిటైరయ్యాక తీరిగ్గా కుడతానంది. "చేతులెక్కడికి పోతాయే?" అంది.

అలా వేసవి గడిచింది, ఆకులు రాలాయి, సరస్సు గడ్డకట్టింది. డిక్షనరీలో దొంగ మాటలు వెయ్యి దాటాయి.

మార్చిలో ఒక గురువారం, వానా మంచూ కలిసి కురిసి కరెంటు తీగెలు తెగిపోయాయి. ఆ సంగతి ఆర్లిస్‌కి రేడియోలో తెలిసింది. శుక్రవారం ఫైలు వచ్చింది. నాలుగైంది. ఫోను మోగలేదు. నాలుగుంపావు దాకా ఆగి, మనసు కుదరక హెడ్‌ఫోన్లు పెట్టుకుంది.

గట్టు తగాదా కేసు. ఓ ముసలి రైతు కంచె గురించి చెబుతున్నాడు. మధ్యలో టప్పున శబ్దం, కుర్చీల చప్పుడు, ఎవరో నవ్వు. కోర్టులో కరెంటు పోయింది. కంప్యూటరు ఆగిపోయింది. బ్యాటరీతో నడిచే కొరిన్ యంత్రమూ, మోకాలి దగ్గర పెట్టుకునే చిన్న రికార్డరూ మాత్రం నడుస్తూనే ఉన్నాయి. ఈ సాక్షినొక్కడినీ ముగించేద్దాం, పెద్దాయన దూరం నుంచి వచ్చాడు అన్నాడు జడ్జి. ఇంకొక పావుగంట సాగింది. అంతలో ఒక వకీలు లేచి, సాక్షి ఇందాకటి జవాబు ఒకసారి చదివించమని అడిగాడు.

"మిసెస్ డాల్‌బర్గ్, కాస్త చదువుతారా?" అన్నాడు జడ్జి హాల్వర్సన్.

తెర లేదు. చదవాలంటే ఆ కాగితం మడతల్లోంచే చదవాలి. తెర వచ్చాక కొరిన్ కాగితాన్ని చూసి ఎన్నేళ్ళైందో! మడతలు విప్పుతున్న గరగర వినిపించింది. "నేను కంచె దగ్గర" అని కొరిన్ గొంతు మొదలుపెట్టింది. ఆగింది. మళ్ళీ "కంచె దగ్గర" అంది. ఆ తర్వాత నిశ్శబ్దం. ఆర్లిస్ తెర అంచున గడియారం చూస్తూ కూర్చుంది. నలభై ఒక్క సెకన్లు. ఎవరో దగ్గారు.

"క్షమించండి" అంది కొరిన్. "ఇది నా చేతిరాతే. నాకే చదవడం రావట్లేదు."

పంతొమ్మిదేళ్ళ రికార్డుల్లో కొరిన్ గొంతు అలా తన గురించి తాను చెప్పుకోవడం అదే మొదటిసారి. రిపోర్టరు అందరి మాటలూ రాస్తుంది, తన మాట ఉండదు. ఆర్లిస్ హెడ్‌ఫోన్లు తీసేసి రెండు చేతులతో మొహం కప్పుకుంది.

శనివారం పదింటికి వాకిట్లో కారు ఆగింది. పొట్టిగా, ఎర్ర టోపీతో ఒకావిడ దిగి, మెట్ల కమ్మీ ఎడమ చేత్తో పట్టుకుని పైకొచ్చింది. ఆర్లిస్ తలుపు తీసింది.

"పొడుగ్గా ఉంటావనుకున్నా" అంది కొరిన్.

"నువ్వూ పొడుగ్గా ఉంటావనే నేననుకున్నా" అంది ఆర్లిస్. "రా. కాఫీ ఉంది."

"వద్దు."

ఆ ఊళ్ళలో కాఫీ మూడుసార్లు వద్దని నాలుగోసారి తాగుతారు. కొరిన్ వద్దన్న తీరు విని ఆర్లిస్ రెండోసారి అడగలేదు. కొరిన్ కోటు విప్పి కుర్చీ మీద వేసి, వంటింటి బల్ల దగ్గర కూర్చుంది. కుడి చెయ్యి ఒళ్ళో ఉంది. దానంతటది చిన్నగా అదురుతోంది. ఆర్లిస్ దాన్ని చూసింది. అంతగా తెలిసిన చెయ్యి, చూడటం ఇదే మొదలు.

"నిన్న సాయంత్రం డిక్షనరీ తెరిచా" అంది కొరిన్. "నీకప్పజెప్పాక మళ్ళీ తెరిచిన పాపాన పోలేదు. నేను పెట్టని మాటలు పదకొండు వందల నలభై ఉన్నాయి అందులో. కంప్యూటరు మంచిది, ఏ మాట ఎప్పుడు చేరిందో తేదీ దాచిపెట్టింది. మొట్టమొదటిదేంటి?"

"కొడుకు."

"ఎప్పుడు?"

"అక్టోబరులో. మొన్నటిది కాదు, ఆ ముందుది."

"పదిహేడు నెలలు" అంది కొరిన్. "మా ఆయన ఒకే మంచం మీద పడుకుంటాడు, ఆయనకి తెలీదు. డాక్టరుకి తెలీదు. నాకు తెలీదు. రెండు వందల మైళ్ళ అవతల కూర్చుని నీకు తెలుసు. డాక్టరుతో ఏమన్నానో నీకు చెప్పానా లేదా?"

"చెప్పావు."

"నువ్వేమన్నావు?"

"కీళ్ళే అయ్యుంటాయన్నా."

"ఆ పేజీల్లో ఉన్నది నా చెయ్యి కాదే, నీ గడుసుదనం. నీ పేజీలు పట్టుకెళ్ళి నా చెయ్యి బాగుందని సాక్ష్యం చెప్పుకున్నా నేను. వెర్రిదానిలాగా. అప్పుడే నరాల డాక్టరు దగ్గరికెళ్ళుంటే జబ్బు పోయేదని నేననట్లేదు. కానీ నాకు తెలిసుండేది. ఈ చెయ్యి బాగున్న ఆఖరి ఏడాదని తెలిసుంటే, ఆ ఏడాదంతా ఊళ్ళోవాళ్ళ తగాదాలు రాస్తూ కూర్చునేదాన్నా? బ్రిట్టాకి గుడ్డ కుట్టేదాన్ని. ఇప్పుడు సూది పట్టుకోమను చూద్దాం దీన్ని." ఒళ్ళోని చేతిని ఎవరిదో అన్నట్టు చూపించింది. "ఎందుకు చేశావే?"

"నీ పరువు పోతుందని..."

"నా దగ్గరా? ముప్ఫై ఏళ్ళ నుంచీ ప్రమాణం చేసి అబద్ధమాడేవాళ్ళని వింటున్నా. అసలు సంగతి చెప్పు."

ఆర్లిస్ బల్ల అంచు గట్టిగా పట్టుకుంది. అంతకుముందు జీవితంలో అలాంటి మాట పైకి అన్నది కాదు.

"నువ్వు మానేస్తే శుక్రవారం నాకెవరూ ఫోన్ చెయ్యరు."

గోడ అవతల ఓర్విల్ పార చప్పుడు కొంచెంసేపు వినిపించి ఆగిపోయింది. కొరిన్ ముఖంలో కోపం పోలేదు గానీ, దాని కింద ఇంకేదో కదిలింది.

"పని లేకపోతే నీకు ఫోన్ చెయ్యనని ఎవరు చెప్పారే నీకు?" అంది. "పని గురించి అయిదు నిమిషాలు మాట్లాడేవాళ్ళం. మిగతా అర్ధగంటా ఎందుకు మాట్లాడాననుకున్నావు? మానేశాక ఇంకా ఎక్కువ చేసేదాన్ని. రోజూ చేసి నీ ప్రాణం తీసేదాన్ని."

చేసేదాన్ని అంది. చేస్తాను అనలేదు. మాటల తేడాలు పట్టుకోవడమే బతుకైన ఆర్లిస్‌కి ఆ తేడా సూటిగా తగిలింది. ఏడుపు ఆపుకోలేకపోయింది. కొరిన్ ఓదార్చలేదు, లేచి వెళ్ళిపోనూ లేదు. పక్కనున్న చేతిరుమాళ్ళ పెట్టె ఎడమ చేత్తో ముందుకి తోసింది.

"ఏడ్చాక నాకొక పని చేసిపెట్టు" అంది. "బుధవారం నరాల డాక్టరు చూస్తాడు. ఎప్పుడు మొదలైంది, ఏ వేలు ముందు, ఎంత వేగంగా పెరిగింది అని అడుగుతాడట. నాకేం తెలుసు? తెలిసినదానివి నువ్వొక్కదానివి. ఆ తేదీలన్నీ తీసి కాగితం మీద పెట్టు."

ఆర్లిస్ మొహం కడుక్కొచ్చి కంప్యూటరు ముందు కూర్చుంది. తేదీ, కొరిన్ రాయాలనుకున్న మాట, వేళ్ళు నిజంగా రాసింది. పదిహేడు నెలల జాబితా. ప్రింటరు ముక్కుతూ మూలుగుతూ ఒక్కొక్క కాగితం వదిలింది. మొదటి కాగితం కొరిన్ తీసుకుని చూసి వెనక్కిచ్చేసింది.

"చదువు. నేననుకున్నది కాదు. నా చెయ్యి రాసింది చదువు."

"మొత్తమా?"

"నేను ఆపేదాకా."

ఆర్లిస్ చదివింది. అలవాటు కొద్దీ రెండుసార్లు నోరు సరైన మాట మీదికే పోయింది. రెండుసార్లూ కొరిన్ వేలెత్తి ఆపింది. మళ్ళీ వెనక్కెళ్ళి తప్పునే చదివింది. అక్టోబరులో చిటికెన వేలు పోయిన మాటలు. డిసెంబరులో ఉంగరపు వేలు. వేసవిలో సగం మింగిన మాటలు. శీతాకాలం వచ్చేసరికి మాటలే కాకుండా పోయిన ముక్కలు. కొరిన్ కళ్ళు మూసుకుని వింది. తొమ్మిదో కాగితం దగ్గర చాలంది.

కాగితాలన్నీ కవరులో పెట్టించుకుని లేచింది. కుర్చీ మీది కోటు తీసి ఎలాగో తొడుక్కుని గుమ్మం దగ్గర నిలబడింది. అయిదు పెద్ద బొత్తాలున్న ఊలు కోటు. మొదటి బొత్తాం పట్టుకుంది. వేళ్ళ మధ్యలోంచి జారిపోయింది. మళ్ళీ పట్టుకుంది. ఆర్లిస్ చెయ్యి తెలియకుండానే ముందుకొచ్చింది.

"వద్దు" అంది కొరిన్. "నువ్వు ముట్టుకోకు. చూడు, అంతే."

ఆర్లిస్ రెండు చేతులూ వెనక్కి కట్టుకుంది. తలుపు సందులోంచి చలి కొడుతోంది. మొదటిదీ, రెండోదీ పడ్డాయి. మూడోది మూడోసారికి పడింది గానీ నాలుగో కాజాలో పడింది. ఆర్లిస్ వేళ్ళు ఒకదాన్నొకటి పిసుక్కున్నాయి. నోట్లోంచి మాట రాకుండా పళ్ళు బిగించింది. ఆఖరి కాజా దగ్గరికొచ్చేసరికి కొరిన్ నుదుట చెమట పట్టింది. కోటు ఒకవైపు ఎత్తుగా, ఒకవైపు వంకరగా వేలాడుతోంది.

"ఎంతసేపు పట్టింది?" అంది కొరిన్.

రెండు నిమిషాలనబోయింది ఆర్లిస్. గుమ్మం మీది గడియారం చూసి ఆగింది.

"నాలుగున్నర."

"రాసిపెట్టు. తేదీ వేసి."

కొరిన్ కమ్మీ పట్టుకుని మెట్లు దిగింది. వెనక్కి తిరగలేదు, చెయ్యి ఊపలేదు. శుక్రవారం గురించి ఒక్క మాట అనలేదు. కారు రోడ్డు మలుపు తిరిగేదాకా ఆర్లిస్ గుమ్మంలోనే నిలబడింది. లోపలికొచ్చాక ఇల్లు ఎప్పటికన్నా పెద్దదిగా అనిపించింది. బల్ల దగ్గర కూర్చుని కలం తీసింది.

మార్చి పదిహేను, శనివారం. అయిదు బొత్తాలు, నాలుగున్నర నిమిషాలు. మూడోది తప్పు కాజాలో పడింది. అలాగే వెళ్ళింది.